డాక్యుమెంటేషన్‌లో పదాలు, ఉదాహరణలు సరిచేసే ముందు అవి తప్పో కాదో తేల్చడం ఎలా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు క్లుప్తంగా చెప్తాను. బీటెక్ మూడో సంవత్సరంలో ఉన్నారు. పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్‌ను మొదటి నుంచి వరసగా చదువుతున్నారు. ట్యుటోరియల్‌లో ఫంక్షన్ల దగ్గర ‘కాల్ బై వాల్యూ’ (ఆర్గ్యుమెంట్‌గా విలువనే పంపడం) అని రాశారు, అది తప్పని మీకు అనిపించింది. పారామీటర్ అనాల్సిన చోట ఆర్గ్యుమెంట్ అన్న మాట చాలాసార్లు తగిలింది. కొన్ని ఉదాహరణల అవుట్‌పుట్ మీ లాప్‌టాప్‌లో వేరేగా వస్తోంది. స్ట్రింగ్‌ల దగ్గర ‘క్యారెక్టర్’ అన్న మాట తెలుగుకి కుదరడం లేదు. ఇవన్నీ సరిచేసి ఒకే పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పులు తీసుకోండని ప్రాజెక్టుకి పెట్టే అభ్యర్థన) పెడితే తీసుకుంటారా అని అడిగారు.

ఒకటిగా పెడితే తీసుకోరు. విడగొడితే కొన్ని తీసుకుంటారు. మిగతావి అసలు తప్పులే కావు, అవి ఎందుకు కావో తెలుసుకోవడమే మీకు ఎక్కువ పనికొస్తుంది. ఒక్కొక్కటీ చూద్దాం.

‘కాల్ బై వాల్యూ’తో మొదలుపెడతాను, ఎందుకంటే దీన్ని సరిచేద్దామని వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ట్యుటోరియల్‌లో ఆ వాక్యం అక్కడితో ఆగదు. ఇక్కడ వాల్యూ అంటే ప్రతిసారీ ఆబ్జెక్ట్ రిఫరెన్సే, ఆబ్జెక్ట్ విలువ కాదు అని బ్రాకెట్‌లో వెంటనే చెప్తుంది. దానికి ఒక ఫుట్‌నోట్ కూడా ఉంది: నిజానికి ‘కాల్ బై ఆబ్జెక్ట్ రిఫరెన్స్’ అంటే ఇంకా బాగుంటుంది, మార్చడానికి వీలున్న ఆబ్జెక్ట్‌ని పంపితే లోపల జరిగిన మార్పు పిలిచినవాళ్ళకి కూడా కనబడుతుంది కాబట్టి, అని. అంటే మీరు చెప్పబోయే అభ్యంతరం ఆ పేజీలోనే రాసి ఉంది. ఇంతకన్నా తమాషా ఏంటంటే, అదే డాక్యుమెంటేషన్‌లోని ప్రోగ్రామింగ్ ఎఫ్‌ఏక్యూ పేజీకి వెళ్తే, పైథాన్‌లో ఆర్గ్యుమెంట్లు అసైన్‌మెంట్ ద్వారా వెళ్తాయని మూడో రకంగా చెప్తుంది.

మూడు పేర్లు ఉన్నాయి కదా, ఒకటి చేసేద్దాం అనిపిస్తుంది. నేనైతే చేయను. సీ నుంచి వచ్చినవాడికి ఒక పేరు దగ్గరగా ఉంటుంది, జావా నుంచి వచ్చినవాడికి ఇంకోటి. పేరు ఏదైనా పాఠకుడికి కావాల్సింది ఒక్కటే: ఫంక్షన్ లోపల లిస్ట్‌కి అపెండ్ చేస్తే బయట కనబడుతుందా (కనబడుతుంది), లోపల ఆ పేరుకి కొత్త లిస్ట్‌ని అసైన్ చేస్తే బయట మారుతుందా (మారదు). ఈ రెండూ అర్థమయ్యేలా పేజీ చెప్తోందా లేదా అన్నదే చూడండి. చెప్పకపోతే రెండు లైన్ల ఉదాహరణ చేర్చమని అడగండి. పేరు మార్చమని అడిగితే, ఇదివరకు చాలాసార్లు నడిచిన వాదనే ఇంకోసారి నడుస్తుంది.

ఇక్కడ ఇంకో విషయం గమనించాలి. మీరు చదివింది ట్యుటోరియల్ పేజీ. పైథాన్ డాక్యుమెంటేషన్‌లో ట్యుటోరియల్, హౌటూ, లైబ్రరీ రిఫరెన్స్, లాంగ్వేజ్ రిఫరెన్స్ వేరువేరుగా ఉంటాయి. ట్యుటోరియల్‌లో కొంత సడలింపు కావాలనే ఉంటుంది. మొదటి రోజు చదివేవాడికి ప్రతి మాటా లాంగ్వేజ్ రిఫరెన్స్ అంత కచ్చితంగా చెప్తే రెండో పేజీకి పోడు. అదే సడలింపు లాంగ్వేజ్ రిఫరెన్స్‌లో కనిపిస్తే అది నిజంగా బగ్. కాబట్టి తప్పు కనబడగానే ‘ఇది ఏ రకం పేజీ’ అని చూడండి, వాక్యం సంగతి తర్వాత.

ఇక ఆర్గ్యుమెంట్, పారామీటర్. తేడా మీకు తెలుసు: డెఫినిషన్‌లో ఉండే పేరు పారామీటర్, పిలిచేటప్పుడు పంపే విలువ ఆర్గ్యుమెంట్. గ్లాసరీలోనూ, ఎఫ్‌ఏక్యూలోనూ ఇది స్పష్టంగా ఉంది. అయినా లైబ్రరీ పేజీల్లో ‘ఈ ఫంక్షన్ రెండు ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుంది’ అన్న వాక్యాలు కనబడుతూనే ఉంటాయి. అది చదివి ఎవరైనా తప్పు కోడ్ రాస్తారా? రాయరు. అయితే వదిలేయండి. నేను పదాల విషయంలో పెట్టుకున్న కొలబద్ద ఇదొక్కటే: ఈ మాటను నమ్మి చదివేవాడు పనిచేయని ప్రోగ్రాం రాస్తాడా? రాస్తాడంటే అది బగ్. లేకపోతే నా అభిరుచి.

ఈ కొలబద్దతో చూస్తే అదే జంటలో నిజంగా పట్టించుకోవాల్సిన చోట్లు బయటపడతాయి. ‘కీవర్డ్ ఆర్గ్యుమెంట్’, ‘కీవర్డ్ ఓన్లీ పారామీటర్’ ఒకటి కాదు. మామూలు పారామీటర్‌కి కూడా పేరు పెట్టి విలువ పంపొచ్చు, అది పిలిచేవాడి ఇష్టం. కీవర్డ్ ఓన్లీ అనేది ఫంక్షన్ పెట్టిన షరతు. ‘సార్టెడ్’ ఫంక్షన్‌నే తీసుకోండి. కీ, రివర్స్ రెండూ పేరు పెట్టి పంపాల్సిందే. పేరు లేకుండా లిస్ట్ పక్కన ‘లెన్’ (పొడవు చెప్పే ఫంక్షన్) అని పెట్టేస్తే టైప్‌ఎర్రర్ వస్తుంది. ‘రెండు ఐచ్ఛిక ఆర్గ్యుమెంట్లు ఉన్నాయి’ అని మాత్రమే చెప్పి ఊరుకుంటే ఆ పేజీ పాఠకుడిని ఎర్రర్ వైపు నడిపినట్టే. అందుకే అధికారిక పేజీలో వాటిని కీవర్డ్ ఆర్గ్యుమెంట్లుగానే ఇవ్వాలని విడిగా చెప్తారు. 2019లో వచ్చిన పైథాన్ 3.8 నుంచి స్లాష్ గుర్తుతో పొజిషనల్ ఓన్లీ పారామీటర్లు (పేరు పెట్టకుండా వరసతోనే పంపాల్సినవి) కూడా భాషలోకి వచ్చాయి కాబట్టి ఈ పదాల బరువు ఇంకా పెరిగింది. సిగ్నేచర్‌లో (ఫంక్షన్ పేరు, పారామీటర్లు ఉండే లైన్‌లో) స్లాష్ ఉండి, కింద వివరణలో పేరు పెట్టి పిలిచిన ఉదాహరణ ఉంటే అది సందేహం లేకుండా రిపోర్ట్ చేయాల్సిన తప్పు.

పదం మార్చడం ఎంత దూరం పోతుందో చెప్పడానికి కమాండ్ లైన్ ఆర్గ్యుమెంట్లను చదివే ఆర్గ్‌పార్స్ మాడ్యూల్ కథ బాగుంటుంది. కమాండ్ లైన్ ప్రోగ్రాంకి హెల్ప్ అడిగితే డ్యాష్‌తో మొదలయ్యేవన్నీ ‘ఆప్షనల్ ఆర్గ్యుమెంట్స్’ అన్న శీర్షిక కింద వచ్చేవి. కానీ వాటిలో దేన్నయినా తప్పనిసరి అని కూడా ప్రకటించొచ్చు. అప్పుడు తప్పనిసరిగా ఇవ్వాల్సింది ‘ఐచ్ఛికం’ అన్న శీర్షిక కింద కూర్చునేది. దీని మీద ఫిర్యాదు 2010లో వచ్చింది. మార్పు జరిగింది 2021 అక్టోబర్‌లో విడుదలైన 3.10లో. శీర్షిక ఇప్పుడు ‘ఆప్షన్స్’. ఒక్క మాటకి పదకొండేళ్ళా అని నవ్వొద్దు. హెల్ప్ అవుట్‌పుట్‌ని అక్షరం పొల్లుపోకుండా పోల్చి చూసే టెస్టులు ఎన్నో ప్రాజెక్టుల్లో ఉంటాయి. అలాంటి టెస్టులు మార్చుకోవాల్సి రావొచ్చని 3.10 విడుదల నోట్‌లోనే ముందుగా హెచ్చరించారు. ఇది డాక్యుమెంటేషన్‌లో పదం కూడా కాదు, ప్రోగ్రాం ప్రింట్ చేసే పదం. సరైన మార్పే, కానీ ఆ సరైనదానికి ఖర్చు ఉంది.

పదం తప్పయితే కోడ్ కూడా నిజంగా తప్పయ్యే ఇంకో చోటు ఇటరేటర్, అంటే విలువలను ఒక్కొక్కటిగా అందించే ఆబ్జెక్ట్. ‘రేంజ్ ఒక ఇటరేటర్’ అనో, ‘రేంజ్ ఒక జెనరేటర్’ అనో బ్లాగుల్లో, కాలేజీ నోట్సుల్లో, వీడియోల్లో వింటూ ఉంటాం. కాదు. రేంజ్ ఒక సీక్వెన్స్. ఇండెక్స్ పెట్టి చదవొచ్చు, పొడవు అడగొచ్చు, రెండుసార్లు లూప్ తిప్పొచ్చు. నేరుగా నెక్స్ట్ అడిగితే ఇది ఇటరేటర్ కాదని టైప్‌ఎర్రర్ ఇస్తుంది. మ్యాప్, జిప్, ఫిల్టర్ ఇచ్చేవి ఇటరేటర్లు. ఒకసారి తిప్పితే అయిపోయాయి, రెండో లూప్ ఏ ఎర్రరూ లేకుండా ఖాళీగా పోతుంది. రేంజ్‌ని ఇటరేటర్ అని నేర్చుకున్నవాడు రెండోసారి తిరిగింది చూసి ‘ఓహో, ఇటరేటర్లు రెండుసార్లు తిరుగుతాయన్నమాట’ అనుకుని, అదే నమ్మకంతో జిప్ మీద రెండు లూపులు పెడతాడు. అవుట్‌పుట్ ఎందుకు రాలేదో తెలియక రాత్రంతా టెన్షన్ పడతాడు. ఇలాంటి వాక్యం ఏ డాక్యుమెంటేషన్‌లో కనబడినా వెంటనే రిపోర్ట్ చేయండి.

‘జెనరేటర్’ మాత్రం వేరే రకం. గ్లాసరీ ప్రకారం ఆ మాట సాధారణంగా జెనరేటర్ ఫంక్షన్‌కి (యీల్డ్‌తో విలువలు ఇచ్చేదానికి), సందర్భాన్ని బట్టి అది తిరిగిచ్చే జెనరేటర్ ఇటరేటర్‌కి కూడా వాడతారు. రెండర్థాలూ ఉన్నాయని ఒప్పుకుని, గందరగోళం వచ్చే చోట పూర్తి పేరు వాడమంటుంది. కాబట్టి ప్రతి జెనరేటర్‌నీ జెనరేటర్ ఫంక్షన్ అని మార్చుకుంటూ పోతే గ్లాసరీ లింకు చూపించి వెనక్కి పంపేస్తారు.

ఇప్పుడు క్యారెక్టర్. ఇక్కడ మీ చేతిలో, అంటే తెలుగు చదవగలిగిన వాళ్ళ చేతిలో, నిజంగా సరుకు ఉంది. కొంచెం వివరంగా చెప్తాను.

లైబ్రరీ రిఫరెన్స్ స్ట్రింగ్ గురించి చెప్పేటప్పుడు యూనికోడ్ కోడ్ పాయింట్ల (ప్రతి గుర్తుకీ యూనికోడ్ ప్రమాణం ఇచ్చిన సంఖ్యల) సీక్వెన్స్ అంటుంది. అది కచ్చితమైన మాట. ట్యుటోరియల్ మాత్రం క్యారెక్టర్ అంటుంది. కానీ క్యారెక్టర్ అని విడిగా టైప్ ఏదీ లేదని, పొడవు ఒకటి ఉన్న స్ట్రింగే క్యారెక్టర్ అని కూడా చెప్తుంది. ఆ పేజీ తన పదాన్ని తానే నిర్వచించుకుంది కాబట్టి అక్కడ దాన్ని తప్పు పట్టలేం.

అయినా మీ ఇబ్బంది నిజమే. ‘తెలుగు’ అన్న స్ట్రింగ్‌కి లెన్ అడిగితే 6 వస్తుంది: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. మనం బళ్ళో లెక్కపెట్టేది 3. యూటీఎఫ్-8లో రాస్తే 18 బైట్లు, ఎందుకంటే తెలుగు బ్లాక్‌లోని ప్రతి కోడ్ పాయింట్‌కీ మూడేసి బైట్లు పడతాయి. ‘స్త్రీ’ రాస్తే ఇంకా బాగుంటుంది. చూడడానికి ఒక్క అక్షరం, లెన్ మాత్రం 6: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఇక స్ట్రింగ్‌ని తిరగేసే ఉదాహరణ, అదే మైనస్ ఒకటి స్టెప్‌తో స్లైస్ చేసేది, దాదాపు ప్రతి పాఠంలోనూ ఉంటుంది. ఇంగ్లిష్ మాట మీద చక్కగా పనిచేస్తుంది. ‘తెలుగు’ మీద చేస్తే మొదట ఏ హల్లూ లేని కొమ్ము వచ్చి చుక్కల వలయం మీద కూర్చుంటుంది, మిగతా గుణింతాలు పక్క హల్లులకి అంటుకుంటాయి. ‘స్ట్రింగ్‌లోని అక్షరాలను తిరగేస్తుంది’ అని ఎక్కడైనా రాసి ఉంటే అది మన కొలబద్దకి నిలవదు: ఆ మాట నమ్మి తెలుగు పాలిండ్రోమ్ చెకర్ రాసినవాడికి ‘వికటకవి’ లాంటి తెలిసిన మాటకి కూడా పాలిండ్రోమ్ కాదన్న జవాబే వస్తుంది. వ పక్కన ఉన్న గుడి తిరగేసినప్పుడు చోటు మారిపోతుంది మరి.

ఇంకో సూక్ష్మం. ‘పైథాన్’ అన్న మాటనే తీసుకోండి. ఐత్వానికి యూనికోడ్‌లో ఒక కోడ్ పాయింట్ ఉంది. అదే గుర్తును ఎత్వం, దాని కింద వచ్చే ఐత్వపు గుర్తు అని రెండు కోడ్ పాయింట్లుగా విడగొట్టినా ప్రమాణం ప్రకారం సమానమే. అందువల్ల కలిపి రాసే ఎన్‌ఎఫ్‌సీ రూపంలో ‘పైథాన్’ పొడవు 6, విడగొట్టి రాసే ఎన్‌ఎఫ్‌డీ రూపంలో 7. తెర మీద రెండూ ఒకేలా కనబడతాయి, ఈక్వల్ టు ఈక్వల్ టు పెట్టి పోలిస్తే ఫాల్స్. ఒక రూపం నుంచి ఇంకోదానికి మార్చే నార్మలైజ్ ఫంక్షన్ పేజీలో ఇదే విషయాన్ని కింద తోక ఉన్న సీ అక్షరంతో చెప్తారు. అది చదివి ‘ఇదేదో ఫ్రెంచి వాళ్ళ గొడవ’ అని దాటేసే తెలుగువాళ్ళే ఎక్కువ. కానీ మన పేరులో ఐత్వం ఉంటే, రెండు వేరు సిస్టమ్‌ల నుంచి వచ్చిన జాబితాల్లో ఆ పేరు కలవకపోవచ్చు.

మరి తెలుగు ఉదాహరణలు పంపాలా? లాటిన్ లిపితో చూపలేనిదాన్ని చూపిస్తేనే పంపండి. మన లిపి అక్కడ ఉంటే బాగుంటుందన్న సరదా ఒక్కటే కారణమైతే వద్దు. పంపేటప్పుడు రివ్యూయర్‌కి తెలుగు చదవడం రాదని గుర్తుంచుకోండి. స్ట్రింగ్‌తో పాటు దాని కోడ్ పాయింట్లను ఎస్కేప్ రూపంలోనో, యూనికోడ్ పేర్లతోనో ఇవ్వండి. అప్పుడు లిపి రాకపోయినా సరిచూసుకోగలరు. పీడీఎఫ్ తయారీలో తెలుగు ఫాంట్ లేకపోతే అక్కడ ఖాళీ డబ్బాలు వస్తాయన్నది కూడా వాళ్ళు అడగబోయే ప్రశ్నే.

ఉదాహరణ రాసిన రోజున సరిగ్గా ఉండి తర్వాత పాతబడడం కూడా ఉంటుంది. రస్ట్ భాష అధికారిక పాఠంలో స్ట్రింగ్‌ల అధ్యాయం దేవనాగరిలో రాసిన ‘నమస్తే’ని తీసుకుని ఏళ్ళ తరబడి చెప్తూ వచ్చిన లెక్క ఇది: 18 బైట్లు, 6 స్కేలార్ విలువలు (ఇక్కడ కోడ్ పాయింట్లే), 4 గ్రాఫీమ్ క్లస్టర్లు (మనిషి ఒక్క అక్షరంగా చూసే ముక్కలు). తెలుగులో రాసినా మొదటి రెండు సంఖ్యలు అవే. బైట్లు, క్యారెక్టర్లు, మనిషి చూసే అక్షరాలు మూడూ వేరని చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. కానీ 2023 సెప్టెంబర్‌లో వచ్చిన యూనికోడ్ 15.1లో గ్రాఫీమ్ క్లస్టర్ నియమం మారింది. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం లిపుల్లో హల్లు, పొల్లు, హల్లు వరసని ఇప్పుడు విడగొట్టకూడదు. పాత నియమంలో ‘స్తే’ రెండు ముక్కలు, కొత్త నియమంలో ఒకటి. అంటే ‘నమస్తే’ ఇప్పుడు 3. మన ‘స్త్రీ’ పాత లెక్కలో 3, కొత్త లెక్కలో 1, మన బడి లెక్క కూడా అదే. ఇలాంటి చోట దిద్దుబాటు ఎలా రాయాలి? ‘4 తప్పు, 3 ఒప్పు’ అని కాదు. ఏ యూనికోడ్ వెర్షన్, ఏ నియమం, వాడిన లైబ్రరీ ఆ నియమాన్ని అమలు చేస్తోందా అన్నవి చెప్పి, సంఖ్య పక్కన వెర్షన్ రాయాలా, లేక మారని ఉదాహరణ ఎంచుకోవాలా అని అడగాలి. పొల్లు లేని మాట ఎంచుకుంటే రెండు నియమాల్లోనూ ఒకే జవాబు వస్తుంది. ‘తెలుగు’ అలాంటిదే.

సరే, మీ లాప్‌టాప్‌లో వేరేగా వస్తున్న అవుట్‌పుట్‌ల దగ్గరికొద్దాం. మీరు పంపిన జాబితా చూశాను, అందులో ఎక్కువ భాగం బగ్‌లు కావు.

పళ్ళ పేర్ల సెట్ ప్రింట్ చేస్తే వరస వేరేగా వచ్చిందన్నారు. సెట్‌కి వరస లేదు. పైగా 3.3 నుంచి స్ట్రింగ్‌ల హ్యాష్ (సెట్‌లో చోటు తేల్చే సంఖ్య) ప్రతి రన్‌కీ యాదృచ్ఛికంగా మారుతుంది కాబట్టి మీ మెషీన్ మీదే రేపు ఇంకో వరస రావొచ్చు. డిక్షనరీ అలా కాదు, 2018లో వచ్చిన 3.7 నుంచి చేర్చిన వరస ఉంటుందని భాషే హామీ ఇస్తుంది. అందుకని డిక్షనరీ ఉదాహరణలో వరస తేడా వస్తే అది రిపోర్ట్ చేయదగ్గదే, సెట్‌లో వస్తే కాదు. సెట్ ఉదాహరణ టెస్టుకి నిలవాలంటే సార్టెడ్‌లో చుట్టాలి, లేదా ఈక్వల్ అవునా కాదా అని పోల్చి ట్రూ చూపించాలి. అలా చేస్తే చదవడానికి కాస్త బరువవుతుంది, అందుకే ట్యుటోరియల్‌లో చేయకుండా వదిలేస్తారు.

2.675ని రెండు దశాంశాలకి రౌండ్ చేస్తే 2.67 వచ్చింది, 2.68 రావాలి కదా అన్నారు. డాక్యుమెంటేషన్‌లో కూడా 2.67 అనే ఉంది, ఇది బగ్ కాదని పక్కనే నోట్ ఉంది. బైనరీలో 2.675ని కచ్చితంగా పట్టలేం, నిల్వ అయ్యేది దానికన్నా కొంచెం తక్కువ. 2.5ని రౌండ్ చేస్తే 2 రావడం మాత్రం వేరే సంగతి: 2.5ని బైనరీలో కచ్చితంగానే పట్టొచ్చు, సరిగ్గా మధ్యలో ఉంటే సరి సంఖ్య వైపు పోవాలన్నది పైథాన్ 3 నియమం. ఈ రెండు కారణాలనీ ఒకే వివరణ కింద కలిపేసిన నోట్సులు చాలా ఉన్నాయి. సరిచేయాల్సింది వాటిని.

ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ వచ్చినప్పుడు కనబడే వివరం) తేడాలు వెర్షన్ వల్ల. 3.11 నుంచి ఎర్రర్ వచ్చిన భాగం కింద గుర్తులు పడతాయి, 3.13 కొత్త ప్రాంప్ట్‌లో ఫైల్ పేరు దగ్గర కూడా వేరే మాట వస్తుంది. పేజీలో పాత రూపం ఉన్నంత మాత్రాన పాఠకుడు తప్పుదారి పట్టడు. డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణలను నడిపి సరిచూసే డాక్‌టెస్ట్ కూడా ట్రేస్‌బ్యాక్‌లో మొదటి లైనునీ, చివర ఉండే ఎక్సెప్షన్ పేరునీ సందేశాన్నీ చూస్తుంది, మధ్యలో స్టాక్‌ని పట్టించుకోదు. చివరి లైన్‌లో సందేశం మారిపోయి ఉంటే మాత్రం చెప్పండి. జనం ఆ సందేశాన్నే కాపీ చేసి వెతుకుతారు.

256 అనే సంఖ్యకి ‘ఈజ్’తో పోలిస్తే ట్రూ, 257కి ఫాల్స్ వచ్చే ఉదాహరణ గురించి అడిగారు. మైనస్ 5 నుంచి 256 వరకు పూర్ణాంకాలను ముందే తయారుచేసి ఉంచుకోవడం సీపైథాన్ (పైథాన్ అధికారిక ఇంటర్‌ప్రెటర్) అమలు వివరం, భాష నియమం కాదు. అధికారిక పేజీల్లో ఇలాంటివాటికి విడిగా ‘ఇంప్లిమెంటేషన్ డీటెయిల్’ అనే గుర్తు పెట్టడానికి ఏర్పాటు ఉంది. ఎక్కడైనా ఆ గుర్తు లేకుండా పైథాన్ ఇలా చేస్తుంది అని రాసి ఉంటే, గుర్తు చేర్చమనే దిద్దుబాటు మంచిది.

మీ జాబితాలో నాకు నచ్చింది యూటీసీనౌ సంగతి. డేట్‌టైమ్‌లోని ఆ ఫంక్షన్ 3.12లో డెప్రికేట్ అయింది (ఇక వాడొద్దని చెప్పారు), ఇంకా దాన్నే వాడే ఉదాహరణలు చాలాచోట్ల మిగిలి ఉంటాయి. కానీ ఫైండ్ అండ్ రీప్లేస్ చేయకండి. పాతది టైమ్‌జోన్ లేని ఆబ్జెక్ట్ ఇస్తుంది, దాన్ని నైవ్ అంటారు. దాని బదులు వాడమనే, నౌ ఫంక్షన్‌కి యూటీసీ టైమ్‌జోన్ ఇచ్చే పద్ధతి అవేర్ ఆబ్జెక్ట్ ఇస్తుంది. ప్రింట్ చేస్తే చివర ప్లస్ సున్నాలు చేరతాయి. పక్కన ఉన్న నైవ్ తేదీతో పెద్దదా చిన్నదా అని పోలిస్తే టైప్‌ఎర్రర్ వస్తుంది. అంటే ఒక లైను మారిస్తే దాని కింద అవుట్‌పుట్, ఆ తర్వాత పోలిక, దాన్ని వివరించే వాక్యం అన్నీ మారాలి. ఉదాహరణని సరిచేయడమంటే ఆ పేజీలో దాని మీద ఆధారపడ్డ ప్రతి వాక్యాన్నీ మళ్ళీ చదవడం.

ఈ అవస్థలన్నీ ఉదాహరణలను ఎవరూ నడపకపోవడం వల్ల వచ్చేవే. పైథాన్‌లో డాక్‌టెస్ట్ మాడ్యూల్ 2001లో వచ్చిన 2.1 నుంచి ఉంది. గో భాషలో ఉదాహరణను ఫంక్షన్‌గా రాసి కింద అవుట్‌పుట్ కామెంట్ పెడితే టెస్ట్ కమాండే దాన్ని నడిపి పోల్చి చూస్తుంది, వరస ముఖ్యం కాకపోతే ‘అన్ఆర్డర్డ్ అవుట్‌పుట్’ అని రాయొచ్చు. రస్ట్‌లో డాక్ కామెంట్‌లోని కోడ్ కూడా కార్గో టెస్ట్‌తో నడుస్తుంది. ఇవన్నీ ఉన్నా అవుట్‌పుట్ సరిపోవడం వేరు, ఉదాహరణ మంచిదవడం వేరు. యూజర్ ఇచ్చిన పేరును నేరుగా ఎస్‌క్యూఎల్ స్ట్రింగ్‌లో కలిపే ఉదాహరణ అన్ని టెస్టులూ పాసవుతుంది, పేరు బదులు ఆదేశం పంపినవాడి చేతిలో దాన్ని కాపీ చేసినవాడి వెబ్‌సైట్ మాత్రం గోవిందా. అలాగే ఉదాహరణల్లో నోటికొచ్చిన డొమైన్ పేర్లు రాస్తారు, అవి ఎవరివో అయి ఉంటాయి. ఇందుకోసమే ఎగ్జాంపుల్ డాట్ కామ్‌ని 1999లోనే కేటాయించి పెట్టారు. ఐపీ అడ్రసులకి కూడా 192.0.2తో మొదలయ్యే వరస ఉంది.

అన్నీ కలిపి ఒకే పుల్ రిక్వెస్ట్ ఎందుకు వద్దో చెప్పలేదు కదా. నలభై ఫైళ్ళలో మాటలు మార్చి పంపితే, అందులో ఒక్క తప్పు మార్పు ఉందేమోనని రివ్యూయర్ మొత్తం చదవాలి. ఒక్క రాయి కోసం బస్తా బియ్యం ఏరినట్టు. ఇంకో ఖర్చు కొత్తవాళ్ళకి తెలియదు. పైథాన్ డాక్యుమెంటేషన్‌ని ఫ్రెంచి, జపనీస్, కొరియన్ లాంటి భాషల్లోకి వాలంటీర్లు అనువదిస్తున్నారు. ఆ పని పేరా పేరాగా జరుగుతుంది. ఇంగ్లిష్ పేరాలో మీరు ఒక్క మాట మార్చినా, ప్రతి భాషలోనూ ఆ పేరా అనువాదానికి పాతబడిందన్న గుర్తు పడుతుంది, మళ్ళీ ఎవరో వచ్చి సరిచూసే వరకు అక్కడ ఇంగ్లిషే కనబడుతుంది. ఆర్గ్యుమెంట్‌ని పారామీటర్ చేసే మీ దిద్దుబాటు ఇంగ్లిష్‌లో చిన్నదే. అటు చివర కూర్చున్నవాడికి అది ఒక సాయంత్రం పని. శీర్షికలు మారిస్తే బయటి నుంచి ఆ చోటికి ఉన్న లింకులు కూడా తెగిపోవచ్చు.

మనవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన నేపథ్యం కూడా ఒకటుంది. 2020 అక్టోబర్‌లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ (పుల్ రిక్వెస్టులు పంపినవాళ్ళకి టీషర్ట్ ఇచ్చిన కార్యక్రమం) టీషర్ట్ కోసం రీడ్‌మీ ఫైళ్ళలో ఒకటి రెండు మాటలు చేర్చిన పుల్ రిక్వెస్టులు వరదలా వచ్చాయి. మన దేశం నుంచి వెళ్ళినవీ అందులో చాలా ఉన్నాయి. మెయింటెయినర్లు (ప్రాజెక్టుల బాధ్యులు) తల పట్టుకుంటే, నిర్వాహకులు నిబంధన మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేశారు. అప్పటి నుంచి కొత్త అకౌంట్ నుంచి వచ్చే చిన్న డాక్యుమెంటేషన్ మార్పును కాస్త అనుమానంగానే చూస్తారు. అది మీ తప్పు కాదు. మీ వివరణలో పస ఉంటే ఆ అనుమానం మొదటి మూడు వాక్యాల్లోనే పోతుంది.

ఆ మూడు వాక్యాలు ఎలా ఉండాలంటే: ఏ పేజీ, ఏ వాక్యం. అది నమ్మితే ఏ కోడ్ రాస్తారు, దాన్ని ఏ వెర్షన్ మీద నడిపితే ఏం వచ్చింది. మీరు ప్రతిపాదించే వాక్యం. ‘ఇది తప్పు, స్టాండర్డ్ టెర్మినాలజీ ఇది కాదు’ అని మొదలుపెడితే చర్చ పదాల మీదకి పోతుంది. నడిపి చూపించిన కోడ్‌తో వాదించేవాళ్ళు తక్కువ. వికీపీడియాలో ఇలా ఉంది అనడం కూడా ఇక్కడ పనిచేయదు. గ్లాసరీ, లాంగ్వేజ్ రిఫరెన్స్, లేదా ఆ ఫీచర్‌ని ప్రవేశపెట్టిన పెప్ (భాషలో మార్పును ప్రతిపాదించే పత్రం) చూపించండి.

పద్ధతి సంగతి త్వరగా చెప్పేస్తాను. సోర్స్ అంతా గిట్‌హబ్‌లో సీపైథాన్ రిపాజిటరీలోనే, డాక్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. స్పెల్లింగ్ లాంటి చిన్న దిద్దుబాటుకి ముందుగా ఇష్యూ (సమస్యను నమోదు చేసే పేజీ) తెరవక్కర్లేదు. అర్థం మారేదానికి తెరవండి, పుల్ రిక్వెస్ట్ శీర్షికలో దాని నంబర్ ఇవ్వండి. మొదటిసారి అయితే కాంట్రిబ్యూటర్ ఒప్పందం మీద సంతకం చేయమని బాట్ అడుగుతుంది, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. పంపే ముందు ఆ ఫోల్డర్‌లో మేక్ హెచ్‌టీఎమ్‌ఎల్ నడిపి పేజీని కళ్ళారా చూడండి. బ్యాక్‌టిక్ ఒకటి తగ్గినా పేరా మొత్తం వంకరపోతుంది. మేక్ చెక్, మేక్ డాక్‌టెస్ట్ కూడా నడపండి. న్యూస్ ఎంట్రీ (మార్పుల జాబితాలో పెట్టే నోట్) లేదని చెక్ ఫెయిలైతే కంగారు పడకండి, డాక్యుమెంటేషన్ మార్పులకి దాన్ని దాటవేసే లేబుల్ కోర్ డెవలపర్లు తగిలిస్తారు. పాత వెర్షన్ల పేజీల్లోకి కూడా అది వెళ్ళాలా అన్నది వాళ్ళే నిర్ణయించి బ్యాక్‌పోర్ట్ లేబుల్ పెడతారు. ఇక్కడ మీరు చేయగల సాయం ఒకటుంది: మీ ఉదాహరణ ఏ వెర్షన్ నుంచి నిజమో ముందే రాసి పెట్టండి.

మీ జాబితాలో నేనైతే మొదట పంపేది యూటీసీనౌ ఉదాహరణ, ఒక్క పేజీలో మాత్రమే, దాని కింది వాక్యాలతో సహా. తర్వాత నార్మలైజ్ పేజీకి ఐత్వం ఉదాహరణ చేర్చొచ్చా అని ఒక ఇష్యూ తెరుస్తాను, కోడ్ రాయకుండా, అడగడానికి మాత్రమే. కాల్ బై వాల్యూ, సెట్ వరస, 2.67 మూడూ తీసేయండి. ఆర్గ్యుమెంట్ వాడిన చోట్లన్నీ పక్కన పెట్టి, వాటిలో సిగ్నేచర్‌లో స్లాష్ గానీ స్టార్ (కీవర్డ్ ఓన్లీకి గుర్తు) గానీ ఉన్న ఫంక్షన్లను మాత్రం విడిగా ఏరండి. అవి చూసి ఇక్కడే పెడితే ఏవి పంపదగ్గవో నేనూ ఒకసారి చూస్తాను.